యుడైమోనియా అంటే సంతోషమేనా?

సందేహం: గ్రీకు నీతిశాస్త్రం మీద వ్యాసం రాస్తున్నాను. అరిస్టాటిల్ చెప్పిన 'యుడైమోనియా'ని ఇంగ్లీషు పుస్తకాల్లో 'హ్యాపీనెస్' అంటున్నారు. తెలుగులో సంతోషం అనాలా, ఆనందం అనాలా, సుఖం అనాలా?

సమాధానం: మూడూ సరిపోవు. చిక్కు 'హ్యాపీనెస్' దగ్గరే మొదలైంది.

'నాకు సంతోషంగా ఉంది' అంటాం, 'నాకు చలిగా ఉంది' అన్నట్టే. అది లోపల కలిగే అనుభూతి. పొద్దున ఉండి సాయంత్రానికి పోవచ్చు. యుడైమోనియా అలాంటిది కాదు. 'యు' అంటే మంచి, 'డైమోన్' అంటే దేవతాశక్తి. అరిస్టాటిల్ (క్రీ.పూ. 384–322) 'నికోమాకియన్ ఎథిక్స్'లో, పామరులూ పండితులూ కూడా దీన్ని బాగా బతకడమనే అనుకుంటారని, అలా బతకడమంటే ఏమిటన్న దగ్గరే తేడాలొస్తాయని అంటాడు. ఆయన లెక్కలో అది మంచి గుణాలతో జీవితమంతా చేస్తూ ఉండే పని. అందుకే పసిపిల్లలకు ఆ మాట ఇంకా వర్తించదంటాడు. చాక్లెట్ తింటున్న పిల్లవాడికి సంతోషం లేదని ఎవరనగలరు?

ట్రాయ్ రాజు ప్రియాం కథ చూడండి. వైభవంగా బతికి, ముసలితనంలో కొడుకుల్నీ నగరాన్నీ పోగొట్టుకున్నాడు. అలా ముగిసినవాణ్ణి ఎవరూ యుడైమోన్ (యుడైమోనియా ఉన్నవాడు) అనరంటాడు అరిస్టాటిల్. మనకు దీనికి అచ్చమైన మాటే ఉంది: 'బతికి చెడ్డవాడు'. ఇక్కడ 'బతకడం' అంటే ఊపిరి తీయడం కాదు, బాగా బతకడం. గ్రీకు మాటకు ఇంత దగ్గరగా వచ్చే పలుకుబడి నాకు మరొకటి తోచలేదు. అయితే మన మాటలో సిరిసంపదల వాసన ఎక్కువ, ఆయన మాటలో గుణానిది పైచేయి.

సుఖాన్ని మాత్రం 'హెడొనీ' (హాయి అనే అర్థమున్న మరో గ్రీకు మాట) కోసం దాచుకోండి. అరిస్టాటిల్ తర్వాతి గ్రీకు తత్వవేత్త ఎపిక్యూరస్ యుడైమోనియాకు మూలం హెడొనీయే అన్నాడు. రెంటికీ ఒకే మాట వాడితే ఆయన సిద్ధాంతం 'సుఖానికి మూలం సుఖమే' అని తేలుతుంది! ఆనందం వేదాంతపు బరువున్న మాట, గ్రీకుల మీద మోపకండి.

ఇక మిగిలింది శ్రేయస్సు. కఠోపనిషత్తు దాన్ని ప్రేయస్సు (అప్పటికి ప్రియంగా తోచేది) నుంచి విడదీసింది కాబట్టి ఉన్నవాటిలో అదే నయం. లోటేమిటంటే, శ్రేయస్సును మనం కోరతాం, చేయం. అరిస్టాటిల్‌ది చేసేది. కాబట్టి మొదటిసారి 'యుడైమోనియా' అనే రాసి, వివరణలో 'బాగా బతకడం' అనండి. ఆ తర్వాత శ్రేయస్సు అన్నా పాఠకుడు పొరబడడు.