డాక్టర్ సలహా: పిప్పి పారేసి రసం తాగితే మొలలు తగ్గుతాయా?

ప్రశ్న: నా వయసు 44. ప్రొద్దుటూరులో బంగారు పని చేస్తాను. ఉదయం కుంపటి ముందు కూర్చుంటే భోజనానికి తప్ప లేవను. రెండు నెలలుగా విరేచనం అయ్యాక ఎర్రటి రక్తం చుక్కలు చుక్కలుగా పడుతోంది. నొప్పి లేదు. ఏదో మెత్తగా బయటకు వచ్చి, కాసేపటికి దానంతటదే లోపలికి పోతోంది. వేడి చేసిందని ఇంట్లో మజ్జిగ, ముల్లంగి రసం ఇస్తున్నారు. ఒక పూత మందుతో వారంలో మొలలు రాలిపోతాయని తెలిసినవారు చెబుతున్నారు. ఆపరేషన్ అంటే భయం. సహజంగా తగ్గే దారి ఉందా? కారం పూర్తిగా మానాలా? పని మధ్యలో లేవాల్సి వస్తుందని నీళ్లు తక్కువే తాగుతాను, ఇది కూడా కారణమా?
- పేరు రాయవద్దని కోరిన పాఠకుడు, ప్రొద్దుటూరు

సలహా: పోనీ ఇది కూడా అడుగుదాం అన్నట్టు మీరు చివర రాసిన ప్రశ్న దగ్గరే మొదలుపెడతాను. అవును, అది పెద్ద కారణమే. మలంలోని నీటిని తిరిగి ఒంట్లోకి లాగడం పెద్దపేగు పని. మీరు తాగేది తక్కువ, కుంపటి సెగకు చెమటగా పోయేది ఎక్కువ. అలాంటప్పుడు పేగు ఉన్న కాస్త నీటినీ వదలదు. పైగా ముందు బంగారం పెట్టుకొని లేవలేక, విరేచనం వచ్చినా ఆపుకుంటూ ఉండి ఉంటారు. ఆపుకున్నకొద్దీ మలం ఎండుతుంది, మర్నాడు ముక్కాల్సి వస్తుంది. ఇంట్లోవాళ్లు వేడి చేసిందనడాన్ని నేను కొట్టిపారేయను. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే కడప జిల్లాలో ఆ మాటకు అర్థం ఉంది. కాకపోతే ఆ వేడిని కోడిగుడ్డులోనో మామిడిపండులోనో వెతుకుతారు, తాగని నీళ్ల సంగతి ఎవరికీ గుర్తు రాదు.

మలద్వారం లోపల రక్తనాళాలతో నిండిన మెత్తలు మూడు అందరికీ పుట్టుకతోనే ఉంటాయి. గాలి, నీరు మనకు తెలియకుండా జారిపోకుండా బిగించి ఉంచడంలో వాటి సాయం ఉంది. ఏళ్ల తరబడి ముక్కితే అవి ఉబ్బి, పట్టు సడలి, కిందికి జారుతాయి. వాటినే మొలలు అంటున్నాం. గట్టి మలం గీరుకుపోయినప్పుడు రక్తం పడుతుంది. లోపలి వైపు నొప్పి తెలిపే నరాలు లేవు కాబట్టి నొప్పి ఉండదు. కోసినట్టు నొప్పి, గంటల తరబడి మంట ఉంటే అది చాలావరకు మొల కాదు, చర్మం చిట్లిన పగులు. బయటకు వచ్చినది దానంతటదే లోపలికి పోతోందన్నారు కాబట్టి, మీ మాటలను బట్టి ఇది రెండో దశ. చేత్తో నెడితేగాని పోకపోతే మూడోది, నెట్టినా పోకపోతే నాలుగోది. మొదటి రెండు దశల్లో చాలామందికి కత్తి అవసరమే రాదు.

అయితే అవి మొలలేనని ఎవరైనా కంటితో చూసి చెప్పాలి. మీ వయసులో రెండు నెలలుగా రక్తం పడుతుంటే, ఉత్తరం చదివి మొలలేనని తేల్చేయడం నాకు తగని పని. పెద్దపేగు క్యాన్సర్‌లోనూ రక్తం పడుతుంది, దాన్ని మొలలనుకొని నెలల తరబడి మజ్జిగ తాగుతూ కూర్చునేవారున్నారు. ప్రోక్టోస్కోపీ అనే పరీక్షలో చిన్న గొట్టంతో లోపల చూస్తారు. కొద్ది నిమిషాల్లో అయిపోతుంది, మత్తు అక్కర్లేదు. మీ ఊరి జిల్లా ఆసుపత్రిలో సర్జన్‌ను కలిస్తే చాలు. హిమోగ్లోబిన్ కూడా చూపించుకోండి. చుక్కలే కదా అనుకుంటాం గాని, రెండు నెలల చుక్కలు రక్తహీనతకు సరిపోవచ్చు. బరువు తగ్గుతున్నా, విరేచనం అలవాటు మారినా, రక్తం మలంలో కలిసి వస్తున్నా, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ వచ్చి ఉన్నా డాక్టరుకు తప్పక చెప్పండి. అప్పుడు పేగంతా చూసే కొలనోస్కోపీ అవసరమవుతుంది. మలం తారులా నల్లగా వచ్చినా, కళ్లు తిరిగేంతగా రక్తం పోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక సహజమైన దారి. అది పీచు, దాంతోపాటు నీళ్లు. సరిపడా పీచు తీసుకుంటే మొలల రక్తస్రావం సుమారు సగానికి తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. ఇంటి వైద్యాల్లో ఇంత గట్టి రుజువు ఉన్నది నాకు తెలిసి మరొకటి లేదు. రోజుకు 25 నుంచి 30 గ్రాముల పీచు కావాలి. గ్రాములు మీకు కొత్త కాదు కాబట్టి లెక్క చెబుతాను. పాలిష్ పట్టిన బియ్యం 100 గ్రాముల్లో పీచు మూడు గ్రాములకు మించదు. అదే రాగులు, జొన్నల్లో పది గ్రాములకు పైనే. అంటే మధ్యాహ్నం సంగటి ముద్ద, రాత్రి రెండు జొన్న రొట్టెలు తింటే సగం లెక్క పూర్తయినట్టే. సంగటిలో బియ్యం వాటా తగ్గించి రాగిపిండి పెంచండి. దానికి ఆకుకూర పప్పు, అలసందలో చిక్కుడో ఒక కూర, గింజలతో సహా ఒక జామకాయ కలిస్తే లెక్క సరిపోతుంది. బొరుగుల ఉగ్గాణి, బజ్జీ మానమంటే నా మాట ఎవరూ వినరు, నేనూ మానలేదు. బొరుగుల్లో పీచు తక్కువని గుర్తుంచుకొని, ఆ పూట పైన ఒక పండు తినండి.

అయినా చాలకపోతే ఇసబ్గోల్. ఒక చెంచా పొట్టును గ్లాసు నీళ్లలో వేసి పది నిమిషాలు వదిలి చూడండి, నీరంతా పట్టుకొని జావలా బిగుసుకుంటుంది. మలంలోనూ అది చేసేది ఇదే. రాత్రి రెండు చెంచాలు కలిపి, బిగుసుకునేలోపు తాగేసి, పైన ఇంకో గ్లాసు నీళ్లు తాగండి. నీళ్లు లేకుండా పొట్టు మింగితే మేలు మాట అటుంచి గొంతులోనో పేగులోనో అడ్డుపడుతుంది. వేరే మాత్రలు వాడుతుంటే రెండు గంటల ఎడం పాటించండి. పీచు ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బుతుంది, రెండు వారాల్లో మెల్లగా పెంచండి. నీళ్లకోసం రెండు లీటర్ల సీసా ఒకటి కుంపటికి దూరంగా, చేతికి అందేలా పెట్టుకోండి. సాయంత్రానికి అది ఖాళీ కావాలి. దాంతో మూత్రానికి లేవాల్సి వస్తుంది, నాకు కావలసిందీ అదే. గంటకోసారి లేచి నాలుగు అడుగులు వేసినట్టవుతుంది.

మజ్జిగ మంచిదే. చరక సంహితలో అర్శస్సుల, అంటే మొలల చికిత్స చెప్పిన అధ్యాయం మజ్జిగను బాగా మెచ్చుకుంది. నేనైతే దాన్ని మొలల్ని ఎండగట్టే మందుగా చూడను. ఒంటికి నీరు అందించే దారిగా చూస్తాను, అంతమేరకు తాగండి. కందకు సంస్కృతంలో అర్శోఘ్నం, అంటే మొలలను పోగొట్టేది అనే పేరే ఉంది. దాన్నీ పీచున్న కూరగా తినవచ్చు, చింతపండు వేసి బాగా ఉడికించకపోతే మాత్రం గొంతు దురద పెడుతుంది. ముల్లంగి రసం దగ్గరే నాకు పేచీ. రసం పిండి పిప్పి పారేస్తున్నారంటే మందును పారేసి నీళ్లు తాగుతున్నట్టు. ముల్లంగిని కూరగా వండుకోండి. ఆముదం రోజూ తాగకండి, భేదులైనా మొలలకు చెరుపే.

మరుగుదొడ్డిలో ఐదు నిమిషాలకు మించి కూర్చోవద్దు. ఫోను బయటే ఉండాలి. రాకపోతే లేచి వచ్చేసి, మళ్లీ అనిపించినప్పుడు వెళ్లండి. ఉదయం ఏదైనా తిన్నాక పేగు కదులుతుంది. దుకాణానికి బయలుదేరే హడావుడిలో తిన్న తర్వాతి పదిహేను నిమిషాలను పోగొట్టుకోకండి. కమోడ్ అయితే పాదాల కింద చిన్న పీట వేసుకుంటే ముక్కడం తగ్గుతుంది. వాపు, అసౌకర్యం ఉన్న రోజుల్లో వెడల్పాటి టబ్‌లో గోరువెచ్చని నీళ్లు పోసి, నడుము కింది భాగం మునిగేలా పది పదిహేను నిమిషాలు కూర్చోండి. రోజుకు రెండుసార్లు చాలు. అందులో పటిక, క్రిమిసంహారక ద్రావణాలు ఏవీ కలపవద్దు. తర్వాత మెత్తని బట్టతో అద్దండి, రుద్దకండి.

కారం మొలలను పుట్టించదు. పగులు ఉన్నవారికి మాత్రం మంట పెంచుతుంది. కాబట్టి ఎర్రకారం దోసె మీద మీకు నా నిషేధం ఏమీ లేదు, తిన్నాక ఇబ్బంది అనిపిస్తే తగ్గించుకోండి.

పూత మందు విషయంలో మాత్రం బతిమాలుతున్నాను, వద్దు. లోపల ఏముందో చెప్పని ఇలాంటి పూతల్లో క్షారాలు, ఘాటు రసాయనాలు ఉండే ప్రమాదం ఉంది. కొన్ని పల్లెల్లో జిల్లేడు పాలు, సున్నం కూడా పూస్తారు. రాలిపోయింది మొల అనుకుంటారు, నిజానికి కాలిన చర్మం కూడా దాంతో ఊడుతుంది. ఆ పుండు మానేటప్పుడు ద్వారం ముడుచుకుపోయి, చిటికెన వేలు కూడా పట్టని స్థితిలో మా దగ్గరకు వచ్చినవారున్నారు. వారికి చేయాల్సివచ్చిన ఆపరేషన్, మొలల ఆపరేషన్ కంటే చాలా కష్టమైనది.

పరీక్షలో మొలలేనని తేలితే నాలుగు నుంచి ఆరు వారాలు ఇలా చేసి చూడండి. అప్పటికీ రక్తం ఆగకపోతే మొల మొదలు చుట్టూ రబ్బరు బ్యాండు వేస్తారు. మత్తు ఉండదు, అదే రోజు ఇంటికి పంపిస్తారు. నొప్పి నరాలు లేని చోట వేస్తారు కాబట్టి ఒకటి రెండు రోజులు బరువుగా అనిపించడం తప్ప చాలామందికి పెద్ద బాధ ఉండదు. మీరు భయపడుతున్న ఆపరేషన్ దానికి కూడా లొంగని మొలలకు, ముఖ్యంగా నాలుగో దశకు.

పరీక్షకు పరగడుపున రావాల్సిన పని లేదు, విరేచనం చేసి వస్తే చాలు. గుండెకోసమో మరి దేనికోసమో రక్తం పలుచబడే మాత్రలు వాడుతుంటే ఆ చీటీ తెచ్చుకోండి. ఆ పూత మందు ఇప్పటికే రాసి ఉంటే, సిగ్గుపడకుండా ఆ డబ్బా కూడా తెండి.

- జనరల్ సర్జన్, కడప