ఆటల ఫీజు కోసం సిప్ ఆపాలా?

ప్రశ్న: మేం కూకట్‌పల్లిలో ఉంటాం. ఇద్దరం ఉద్యోగులం, నెలకు చేతికి 1,12,000 వస్తాయి. ఇంటి ఈఎంఐ 38,000. పిల్లల బడి ఫీజులు, బస్సు కలిపి సగటున 16,000. ఇంటి ఖర్చు 30,000. టర్మ్, ఆరోగ్య బీమాలకు 3,000. మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా కట్టే సిప్ 10,000, పాప పేరిట సుకన్య సమృద్ధి పొదుపు పథకానికి 5,000. పొదుపు ఖాతాలో 90,000 ఉన్నాయి. మావారికి ఏటా 80,000 దాకా బోనస్ వస్తుంది. పాపకు తొమ్మిదేళ్లు, ఏడాదిగా వారానికి మూడు రోజులు బ్యాడ్మింటన్‌కు వెళ్తోంది. ఫీజు 4,500. ఇప్పుడు అడ్వాన్స్‌డ్ బ్యాచ్‌లో వేయమని కోచ్ అంటున్నారు. వారానికి ఆరు రోజులు, రోజుకు రెండు గంటలు, నెలకు 9,000. ఏడాది ఫీజు ఒకేసారి కడితే 20 శాతం తగ్గిస్తారట. ఆరేళ్ల బాబు క్రికెట్ అకాడమీలో చేరతానంటున్నాడు, అది 3,500. రెండు మూడేళ్లు సిప్, సుకన్య ఆపేద్దాం, పిల్లలకు ఈ వయసు మళ్లీ రాదు కదా అంటున్నారు మావారు. ఏం చేయమంటారు?

జవాబు: ఆట కోసం సిప్ ఆపొద్దు, సుకన్య అసలే ఆపొద్దు. పాపను ఇంకో ఏడాది ఇప్పుడున్న మూడు రోజుల బ్యాచ్‌లోనే ఆడనివ్వండి. బాబును అకాడమీలో వేసే తొందర లేదు. పిల్లల ఆట మీద ఖర్చు దండగ అని కాదు నా ఉద్దేశం. మీరు వేసుకున్న లెక్కలో ఫీజు ఒక్కటే కనబడుతోంది. ఆటలో ఫీజు సగం ఖర్చు మాత్రమే.

అడ్వాన్స్‌డ్ బ్యాచ్‌కు నెల ఖర్చు ఎంతవుతుందో చూద్దాం. ఫీజు 9,000. దాని మీద 18 శాతం జీఎస్టీ అదనమా, కలిపి చెప్పారా అన్నది చాలామంది చేరిన రోజు కౌంటర్ దగ్గరే తెలుసుకుంటారు. అదనమైతే 1,620. ఈ స్థాయిలో ప్లాస్టిక్ షటిల్ కాక్‌లు పక్కన పెట్టి ఈకల కాక్‌లతో ఆడిస్తారు. అవి ఫీజులో కలవకపోతే నెలకో డబ్బా తెమ్మంటారు, తక్కువలో తక్కువ 1,200 అనుకోండి. అకాడమీ ఎంత దూరమో మీరు రాయలేదు. రానూపోనూ 22 కిలోమీటర్లనుకుంటే 26 రోజులకు 572 కిలోమీటర్లు. స్కూటర్ లీటరుకు 45 ఇస్తే, లీటరు 107 రూపాయల చొప్పున 1,360. అదీ మీలో ఒకరు ఆ రెండు గంటలూ అక్కడే కూర్చుంటే. దింపి ఇంటికొచ్చి మళ్లీ వెళ్తే రెట్టింపు.

బూట్లు ఏడాదికి రెండు జతలు తప్పవు. జత 2,500 చొప్పున నెలకు 417. గట్టింగ్‌కు, అంటే రాకెట్ తీగల బిగింపుకు సగటున 300, రాకెట్‌కు ఇంకో 300. రెండు గంటలు ఆడొచ్చిన పిల్ల ఆకలి వేరుగా ఉంటుంది. గుడ్లు, పాలు, పళ్లకు అదనంగా 1,500. అడ్వాన్స్‌డ్ బ్యాచ్ అంటే టోర్నమెంట్లకు పంపుతారు. ఏడాదికి నాలుగు అనుకుందాం. సింగిల్స్, డబుల్స్ ఎంట్రీలు కలిపి ఒక్కో టోర్నమెంటుకు 1,000, వాటిలో రెండు ఊరి బయటైతే బస్సు, లాడ్జి, తిండి కలిపి ఒక్కోసారి 6,000. మొత్తం 16,000, అంటే నెలకు 1,333.

అన్నీ కలిపితే 17,030. కోచ్ చెప్పిన 9,000 ఇంటికొచ్చేసరికి 17,000 అయింది. దూరం, బ్రాండ్లు మీవి పెట్టుకుని ఈ అంకెలు మార్చి చూడండి, రెండు వేలు అటో ఇటో అవుతుంది గానీ తొమ్మిది వేలకు మాత్రం దిగదు. బాబు క్రికెట్‌కు కిట్టు, ప్రయాణం కలిపి 5,000 వేసుకుంటే మొత్తం 22,000.

ఇప్పుడు మీ రాబడి చూడండి. మీరు రాసిన ఖర్చులు, పొదుపులు కలిపితే 1,02,000. మిగిలేది 10,000. అందులోంచే 4,500 ఇప్పటికే బ్యాడ్మింటన్‌కు పోతోంది. మీవారు చెప్పినట్లు సిప్, సుకన్య రెండూ ఆపితే చేతిలో 25,000 ఉంటాయి. ఆటలకు 22,000 పోతే మిగిలేది 3,000. పండగ బట్టలు, చుట్టాల పెళ్లిళ్లు, ఊరి ప్రయాణం, ఫ్రిజ్ రిపేరు అన్నీ అందులోనే. రెండో నెలకే క్రెడిట్ కార్డు బయటికొస్తుంది.

సిప్ మూడేళ్లు ఆపితే పోయేదేంటి, 3,60,000 అటు పెట్టకుండా ఇటు వాడుకున్నాం, అంతేగా అనిపిస్తుంది. అంతే కాదు. పాపకు 18 వచ్చే దాకా, అంటే తొమ్మిదేళ్లు నెలకు 10,000 చొప్పున కడుతూ పోతే, ఏడాదికి 10 శాతం రాబడి అనుకుంటే చేతికొచ్చేది సుమారు 17,40,000. మొదటి మూడేళ్లు ఆపి మిగతా ఆరేళ్లు కడితే సుమారు 9,80,000. తేడా ఏడున్నర లక్షల పైమాటే. ఆ 10 శాతానికి ఎవరి హామీ లేదు, తగ్గొచ్చు, పెరగొచ్చు. అయినా ముందు కట్టిన సొమ్ముకే పెరగడానికి ఎక్కువ కాలం దొరుకుతుందన్న సంగతి మారదు. పైగా మూడేళ్ల తర్వాత సిప్ మళ్లీ మొదలవుతుందా అన్నది ఇంకో ప్రశ్న. అప్పటికి పాప ఆరో తరగతిలోకి వస్తుంది, బడి ఫీజు పెరుగుతుంది, ఆట ఖర్చు తగ్గదు.

సుకన్య సంగతి వేరు. ఏడాదికి కనీసం 250 కట్టకపోతే ఖాతా డిఫాల్ట్‌లో పడుతుంది. తర్వాత పునరుద్ధరించడానికి బాకీ పడ్డ ఒక్కో ఏడాదికి 50 రూపాయల జరిమానా. అది చిన్న విషయమే. పెద్ద విషయం వడ్డీ. ఈ మధ్య కాలంలో 8.2 శాతం ఇస్తున్నారు, భద్రత ఉన్న పథకాల్లో అంత రేటు అరుదు. పాపకు 18 నిండేదాకా, లేదా పదో తరగతి అయ్యేదాకా అందులోంచి తీయడానికి వీల్లేదు. ఆ తర్వాతైనా పైచదువుకు నిల్వలో సగం దాకానే. ఏదో ఒక రోజు ఇంట్లో ఎవరో ఒకరు ‘ఆ డబ్బు తీద్దాం’ అనే మాట రాకుండా ఈ నిబంధనే కాపాడుతుంది.

సిప్ ముట్టుకోవద్దన్నాను గానీ ఒక మినహాయింపు ఉంది. మీ ఇంటి లెక్కలో అసలు చిల్లు ఆటలది కాదు. ఈఎంఐ, బడి, ఇల్లు, బీమా కలిపి నెలకు తప్పనిసరి ఖర్చు 87,000. చేతిలో ఉన్నది 90,000. ఇద్దరిలో ఒకరి ఉద్యోగానికి ఏదైనా అయితే నిలదొక్కుకునే గడువు చాలా తక్కువ. ఆరు నెలల ఖర్చు, అంటే 5,22,000 అత్యవసర నిధిగా ఉండాలి. ఒక్కసారిగా అంత కాదు కాబట్టి, ఒక ఏడాది పాటు సిప్‌లో సగం 5,000 ఆ నిధికి మళ్లించండి. మిగిలిన దాంట్లోంచి 2,500 కలపండి. ఏడాదికి 90,000 అవుతాయి. బోనస్ 80,000 మొత్తం అందులోకే. ఇప్పుడున్న 90,000 కలిపితే 2,60,000, అంటే మూడు నెలల ఖర్చు. సగం త్వరగా వెనక్కి తీసుకోగల లిక్విడ్ ఫండ్‌లో, సగం బ్యాంకులో ఎప్పుడంటే అప్పుడు తీసుకునే డిపాజిట్‌లో ఉంచండి. మొదటి ఏడాది లక్ష్యం అదే.

మిగిలే 10,000లో 2,500 నిధికి పోగా 7,500 ఉంటాయి. పాప మూడు రోజుల బ్యాచ్‌కు ఫీజు 4,500, పెట్రోలు 680, బూట్లకు 417, గట్టింగ్, ప్లాస్టిక్ కాక్‌లకు 400 వేసుకుంటే సుమారు 6,000. బాబుకు 1,500. బూట్లు, గట్టింగ్ లాంటివి నెలనెలా రావు, ఒకేసారి వచ్చి పడతాయి. అందుకని వాటికి వేసుకున్న ఆ 800తో పన్నెండు నెలల రికరింగ్ డిపాజిట్ వేరే పెట్టి ‘ఆట సామాను’ అని పేరు పెట్టుకోండి. జూన్‌లో బడి పుస్తకాల ఖర్చుతో ఇది కలిసిపోకూడదు.

ఏడాది ఫీజు ఒకేసారి కట్టే విషయానికొద్దాం. 1,08,000కు బదులు 86,400 అంటే 9 నెలల 18 రోజుల ఫీజు. పాప అంతకంటే ముందే మానేసినా, చీలమండ బెణికి మూడు నెలలు ఆగినా మీకు నష్టమే. పరీక్షలు, వేసవిలో అమ్మమ్మ ఊరు, జ్వరాలు లెక్కేస్తే తొమ్మిదేళ్ల పిల్ల ఏడాదిలో పదిన్నర నెలలు వెళ్తే గొప్ప. ఆ కోచ్ వేరే అకాడమీకి మారిపోతే ఫీజు మాత్రం అక్కడే ఉంటుంది. ఏ బ్యాచ్‌లోనైనా మూడు నెలలకోసారి కట్టండి. కట్టే ముందు ఫ్రీజ్ (రాలేని వారాలను తర్వాతకు జరపడం) ఎన్ని వారాలు, మానేస్తే ఎంత వెనక్కిస్తారు అన్నవి రసీదు మీదైనా సరే రాయించుకోండి. నో కాస్ట్ ఈఎంఐ అంటే జాగ్రత్త, ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ బిల్లులో మెల్లగా కనబడతాయి.

బ్యాచ్ పేరు కంటే కోర్టు మీద ఏం జరుగుతోందన్నది ముఖ్యం. ఒక రోజు గంటసేపు పక్కన కూర్చుని, ఫోన్ లోపల పెట్టి, పాప ఎన్నిసార్లు కాక్ కొట్టిందో లెక్కపెట్టండి. ఒక కోర్టు మీద పన్నెండు మంది ఉండి, కోచ్ ఒక్కొక్కరికి పదేసి కాక్‌లు అందిస్తుంటే, వరుస తిరిగి పాప దాకా రావడానికి ఆరు నిమిషాలు పడుతుంది. గంటకు వంద దెబ్బలు, మిగతాదంతా నిలబడటమే. అదే ఆరుగురే ఉంటే రెండు వందలు. ఆరుగురున్న మూడు రోజుల బ్యాచ్, పన్నెండు మందితో కిక్కిరిసిన ఆరు రోజుల బ్యాచ్‌తో దాదాపు సమానం. కోర్టుకెంతమంది, బోర్డు మీద పేరున్న కోచ్ వారంలో ఎన్ని రోజులు నిజంగా కోర్టులో ఉంటారు అన్నవి అడగండి.

ఆరు రోజులు, రోజుకు రెండు గంటలంటే వారానికి పన్నెండు గంటలు. పిల్లల విషయంలో స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టర్లు ఒక కొలత చెబుతారు: వారంలో శిక్షణ గంటలు పిల్ల వయసు దాటకూడదు. మీ పాపకు తొమ్మిది. అది దాటితే మోకాలు, భుజం, మడమ మొదట మాట్లాడతాయి. ఫిజియోథెరపీ సిట్టింగుల ఖర్చు చాలా ఆరోగ్య పాలసీల్లో రాదు, ఆసుపత్రిలో చేరితేనే క్లెయిమ్.

సామానులో డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ వద్దో కూడా చెబుతాను. బూట్లలో పొదుపు చేయొద్దు. మామూలు రన్నింగ్ షూస్ మడమ ఎత్తుగా ఉంటాయి, పక్కకు దూకినప్పుడు చీలమండ మడతపడుతుంది. రబ్బరు అడుగున్న నాన్ మార్కింగ్ బ్యాడ్మింటన్ షూసే కొనండి. వచ్చే ఏడాదికి కూడా వస్తాయని రెండు సైజులు పెద్దవి కొనడం ఇంకో పొరపాటు. ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ చాలు. రాకెట్ మీద మాత్రం ఉబలాటపడొద్దు. పెద్దాటగాళ్లు వాడే గట్టి రాకెట్, 26 పౌండ్ల గట్టింగ్ ఈ వయసు చేతికి నొప్పి తప్ప ఏమీ ఇవ్వవు. తేలికైన, వంగే రాకెట్, 18 నుంచి 20 పౌండ్ల గట్టింగ్ సరిపోతాయి.

సింధు ఎనిమిదేళ్లకే మొదలుపెట్టిందని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. నిజమే. ఆమె తొలి పాఠాలు సికింద్రాబాద్‌లో రైల్వే సంస్థ కోర్టుల్లో సాగాయి, గోపీచంద్ అకాడమీ తర్వాత వచ్చింది. అమ్మానాన్నలిద్దరూ వాలీబాల్ క్రీడాకారులు, ఎప్పుడు ఎంత అన్నది చెప్పే మనుషులు ఇంట్లోనే ఉన్నారు. మనలాంటి ఇళ్లల్లో ఆ నిర్ణయం కోచ్ చేతిలో ఉంటుంది, ఆయనకు బ్యాచ్ నిండటం కూడా అవసరమే.

ఏడాది తర్వాత బ్యాచ్ మార్చాలా అన్నది ఇలా తేల్చండి. మీరు లేపకుండానే పాప తయారవుతోందా? జిల్లా సంఘం నడిపే అండర్ 11 పోటీల్లో మూడు నాలుగు ఆడించండి. ఓడినా ఫరవాలేదు, మొదటి రౌండ్ దాటే రోజులు పెరుగుతున్నాయా? అత్యవసర నిధి మూడు నెలలకు చేరిందా? మూడింటికీ అవునంటే, మూడు రోజుల నుంచి ఐదుకు వెళ్లండి, ఆరుకు కాదు. ఆ అదనపు డబ్బు అప్పటి జీతాల పెంపులోంచి రావాలి. మీ ఇద్దరికీ కలిపి నెలకు ఏడెనిమిది వేలు పెరిగితే కుదురుతుంది.

బాబుకు ఆరేళ్లే. కార్క్ బంతి, ప్యాడ్లు, హెల్మెట్ కొనే వయసు కాదు. టెన్నిస్ బంతితో కాలనీలో ఆడితే చాలు. వేసవిలో నగరపాలక సంస్థ నడిపే క్రీడా శిబిరాల్లో ఫీజు నామమాత్రం, ఈత నేర్పించండి. నిజంగా చురుకైనవాడని తేలితే నాలుగో తరగతిలో చేర్చుకునే హకీంపేట క్రీడా పాఠశాల ఉంది, పరుగు, దూకడం లాంటి పరీక్షలు పెట్టి తీసుకుంటారు. హాస్టల్‌లో ఉండాలి కాబట్టి అందరి ఇళ్లకూ నప్పదు.

ఆదాయపు పన్నులో మినహాయింపు వస్తుందేమోనని అకాడమీ రసీదులు దాచకండి. పాత విధానంలో కూడా బడి, కాలేజీల ట్యూషన్ ఫీజుకే ఆ వెసులుబాటు, కోచింగ్‌కు లేదు.

బీమాలో ఒకటి చూసుకోండి. పాపను రోజూ స్కూటర్ మీద తిప్పే మనిషికి వ్యక్తిగత ప్రమాద బీమా ఉందా? టర్మ్ పాలసీ మరణానికే డబ్బిస్తుంది, కాలు విరిగి మూడు నెలలు జీతం ఆగితే ఇవ్వదు. తాత్కాలిక వైకల్యానికి వారం వారం చెల్లించే పాలసీ తీసుకోండి. పాపకూ హెల్మెట్ పెట్టించండి, నాలుగేళ్లు దాటిన పిల్లలకు చట్టప్రకారం తప్పనిసరి. సుకన్యకు వేసే 5,000 నెలలో ఐదో తేదీలోపు పడేలా బ్యాంకులో ఆదేశం మార్చుకోండి. ఐదు దాటాక వేస్తే ఆ నెల వడ్డీ లెక్కలోకి అది రాదు.