ఆ డబ్బాలోకి సగమే వచ్చింది

ప్రశ్న: నా వయసు 41. బరువు 72 కిలోలు. చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీలో పాలిషింగ్ పని. నాలుగేళ్లలో రెండుసార్లు కిడ్నీలో రాళ్లు వచ్చాయి. మొదటిది దానంతట అదే పడిపోయింది. రెండోదాన్ని మూడు నెలల కిందట లేజర్‌తో తీశారు. ఇప్పుడు 24 గంటల మూత్ర పరీక్ష రాస్తే చేయించాను. మొత్తం మూత్రం 900 మి.లీ., క్రియాటినిన్ 690 మి.గ్రా., కాల్షియం 130 మి.గ్రా. అని వచ్చింది. ల్యాబ్ వాళ్లు నార్మల్ అన్నారు. డాక్టరు గారేమో మళ్లీ చేయించమంటున్నారు. స్కానింగ్ సరిపోదా? భయంతో పాలు, పెరుగు మానేశాను. రోజూ అరటి దవ్వ రసం తాగుతున్నాను.
– ఒక పాఠకుడు

జవాబు: మళ్లీ చేయించమన్న మీ డాక్టరు గారి మాటే సరైనది. మీ రిపోర్టులో అందరూ ముందు కాల్షియం చూస్తారు. నేను క్రియాటినిన్ చూశాను. అది మన కండరాల నుంచి రోజూ ఇంచుమించు ఒకే లెక్కన తయారై మూత్రంలో పోతుంది. నీళ్లు ఎక్కువ తాగినా తక్కువ తాగినా ఆ లెక్క పెద్దగా మారదు. మగవాళ్లలో కిలో బరువుకు సుమారు 18 నుంచి 24 మి.గ్రా. ఉంటుంది. అంటే 72 కిలోల మీకు 1,300 నుంచి 1,700 దాకా రావాలి. వచ్చింది 690. ఆ రోజు మీకు వచ్చిన మూత్రంలో సగం డబ్బాలోకి చేరలేదన్నమాట.

మిగతా సగం ఎక్కడికి పోయిందో ఊహించగలను. డబ్బా ఇంట్లో ఉంది, మీరు ఫ్యాక్టరీలో ఉన్నారు. అంతేనా? నా దగ్గరికి వచ్చేవాళ్లలోనూ చాలామంది ఇక్కడే దొరికిపోతారు. సగం మూత్రంలో 130 కాల్షియం ఉంటే మొత్తంలో ఎంత ఉంటుందో మీరే లెక్కేయండి. దాన్ని నార్మల్ అనలేం. అలాగని ఇంటూ రెండు వేసి మందులూ రాయలేం.

స్కానింగ్ రాయి ఉందా, ఎంత ఉంది, ఎక్కడుంది అని చెబుతుంది. ఎందుకు వస్తోందో చెప్పదు. కాల్షియం, దానితో కలిసి రాయి కట్టే ఆక్సలేట్, యూరిక్ యాసిడ్ ఎక్కువై, రాయి కట్టకుండా అడ్డుపడే సిట్రేట్ తక్కువై, వీటన్నిటికీ మూత్రం చిక్కబడటం తోడైతే రాళ్లు కడతాయి. పొద్దున మూత్రం ఒకలా, మధ్యాహ్నం భోజనం తర్వాత ఇంకోలా ఉంటుంది కాబట్టే రోజంతా పట్టమంటాం.

ఈసారి ఇలా చేయండి. పొద్దున లేవగానే వచ్చే మొదటి మూత్రాన్ని టాయిలెట్‌లోనే పోసి, టైం రాసుకోండి. ఆరు గంటలనుకుందాం. అక్కడి నుంచి ప్రతి చుక్కా డబ్బాలోకే. మర్నాడు ఆరింటికి వచ్చినా రాకపోయినా వెళ్లి, ఆ మూత్రం కూడా అందులో కలపండి. దొడ్డికి వెళ్లినప్పుడు వచ్చే మూత్రాన్ని చాలామంది మర్చిపోతారు. ముందే మూత్రం పట్టేసి ఆ తర్వాత కూర్చోండి. డ్యూటీకి వెళ్లేటప్పుడు మూత గట్టిగా ఉన్న శుభ్రమైన ప్లాస్టిక్ సీసా సంచిలో పెట్టుకెళ్లి, ఇంటికొచ్చాక డబ్బాలో పోయండి. ఒక్కసారి మర్చిపోయినా ల్యాబ్‌కు చెప్పి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టండి. దాచిపెట్టి ఇచ్చేయొద్దు.

ల్యాబ్ వాళ్లు డబ్బాలో ముందే యాసిడ్ పోసి ఇవ్వొచ్చు. దాన్ని పారబోసి కడిగేయకండి. చర్మం మీద పడితే కాలుతుంది కాబట్టి నేరుగా అందులో పోయకుండా మగ్గులో పట్టి నెమ్మదిగా వంచండి. డబ్బా చల్లగా ఉండాలి. ఫ్రిజ్‌లో పెడతానంటే ఇంట్లో గొడవ ఖాయం కనుక ఐసు ముక్కలు వేసిన బకెట్‌లో పెట్టుకోండి.

అసలు విషయం ఇంకోటుంది. ఈ పరీక్ష మీ మామూలు రోజును పట్టుకోవాలి. పరీక్ష కదా అని ఆ రోజు నాలుగు లీటర్లు తాగి, పచ్చడి ముట్టుకోకుండా ఉంటే రిపోర్టు బాగుంటుంది, రాళ్లు మాత్రం మళ్లీ వస్తాయి. ఇప్పుడు మీరు తింటున్నదే మీ మామూలు తిండి కాదు. కాబట్టి ముందు పాలు, పెరుగు మళ్లీ మొదలుపెట్టండి. తిండిలోని కాల్షియం పేగుల్లోనే ఆక్సలేట్‌ను పట్టేసి మలంతో పంపేస్తుంది. అది తగ్గితే ఆక్సలేట్ కిడ్నీ దాకా పోతుంది. ఇటలీలో రాళ్లు మళ్లీ మళ్లీ వచ్చే 120 మంది మగవాళ్లను ఐదేళ్లు గమనించి 2002లో ఫలితాలు ప్రకటించారు. కాల్షియం మామూలుగా తీసుకుంటూ ఉప్పు, మాంసం తగ్గించిన 60 మందిలో 12 మందికి రాళ్లు తిరిగొస్తే, కాల్షియం తగ్గించిన 60 మందిలో 23 మందికి వచ్చాయి. ఆక్సలేట్ ఎక్కువుండే పాలకూర, చుక్కకూర తిన్న రోజు పెరుగన్నం కూడా తినండి.

అరటి దవ్వ రసం రాయిని కరిగిస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. కూరగా వండుకు తింటే నాకేం అభ్యంతరం లేదు.

ఒక రెండు వారాలు ఇలా మామూలుగా తిన్నాక, డ్యూటీ ఉన్న రోజు ఒకసారి, సెలవు రోజు ఒకసారి, రెండు పరీక్షలు చేయించండి. ఖర్చే, కాదనను. కానీ పాలిషింగ్ దగ్గర వేడికి మీకు కారే చెమట ఆదివారం కారదు. మూడు లీటర్లు తాగినా చెమటగా పోయి, మూత్రం లీటరే రావొచ్చు. ఎంత తాగారన్నది కాదు, రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం వచ్చిందా లేదా అన్నదే లెక్క. మీ 900ని రెట్టింపు చేసినా అంత లేదు.

రిపోర్టులో సోడియం కూడా అడగండి. ఉప్పు ఎక్కువైతే అది తనతోపాటు కాల్షియాన్నీ మూత్రంలోకి లాక్కొస్తుంది. ఉప్పేసిన మజ్జిగ, మూడు పూటలా ఊరగాయ ఉంటే సోడియం అంకె దాన్ని చెప్పేస్తుంది. విటమిన్ సి మాత్రలు వాడుతుంటే డాక్టరుకు చెప్పండి, అవి ఆక్సలేట్‌ను పెంచుతాయి. లేజర్‌తో తీసిన రాయి ముక్కల్ని పరీక్షకు పంపి ఉంటే ఆ కాగితం కూడా తీసుకెళ్లండి. సిట్రేట్ మందా, మూత్రంలో కాల్షియం తగ్గించే మాత్రా, లేక నీళ్లూ ఉప్పూ సరిచేసుకుంటే చాలా అన్నది అవన్నీ పక్కపక్కన పెట్టి చూశాకే తేలుతుంది.

ఈలోగా నడుము పక్క నొప్పితో పాటు చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా డబ్బా సంగతి వదిలేసి వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.