హైదరాబాద్ నుంచి వైజాగ్‌కి ఫ్లైట్‌లో ఎంతసేపు పడుతుంది?

దూరం ఎంత, ఫ్లైట్‌లో ఎంతసేపు, పెద్దవాళ్లతో వెళ్తే రైలు నయమా అని అడిగారు కదా. మాది గాజువాక, ఉండేది కూకట్‌పల్లిలో. ఏడాదికి నాలుగైదుసార్లు తిరిగే దారే కాబట్టి చెప్తున్నాను.

సూటిగా కొలిస్తే రెండు విమానాశ్రయాల మధ్య దాదాపు 510 కిలోమీటర్లు. అదే రోడ్డు మీద 620 పైచిలుకు, కాజీపేట మీదుగా రైల్లో 700 దాకా. రైలు విజయవాడ వరకు కిందికి దిగి, అక్కణ్ణుంచి తీరం వెంబడి మళ్లీ పైకి రావాలి. విమానానికి ఆ చుట్టు లేదు.

టికెట్ మీద గంటా పావు, గంటా ఇరవై నిమిషాలు అని ఉంటుంది. అది విమానం నిలిపిన చోటు నుంచి కదిలినప్పటి నుంచి అక్కడికెళ్లి ఆగేదాకా వేసిన లెక్క. గాల్లో ఉండేది ఇంచుమించు గంటే. ఫ్యాన్ రెక్కలు కనిపించే చిన్న ఏటీఆర్ విమానమైతే ఇంకో పావుగంట కలుపుకోండి.

మా అమ్మ మొదటిసారి ఎక్కినప్పుడు, సీటు బెల్టు లైటు ఆరిపోగానే తాపీగా పులిహోర పొట్లం విప్పింది. సగం తిన్నదో లేదో, దిగబోతున్నాం అని మైకులో చెప్పేశారు. పొట్లం మూయలేక, తినలేక, "ఇదేంట్రా, బస్సయితే ఇంకా హయత్‌నగర్ కూడా దాటదు కదా!" అంది.

కానీ ఆ గంట చూసి మోసపోకండి. రాత్రి ఏడున్నర ఫ్లైట్‌కి మేము ఇంట్లోంచి నాలుగింటికే బయల్దేరాం. కూకట్‌పల్లి నుంచి శంషాబాద్‌కే గంటన్నర వేసుకోవాలి. బయల్దేరే టైముకి గంట ముందే చెకిన్ కౌంటర్ మూసేస్తారు. ఒకసారి ఏడు నిమిషాలు ఆలస్యమై, బోర్డు మీద నా ఫ్లైట్ కనిపిస్తూనే ఉన్నా ఎక్కలేక వెనక్కొచ్చాను. వైజాగ్‌లో దిగాక మాత్రం హాయి. ఐఎన్ఎస్ డేగ అని నేవీ వాళ్ల రన్‌వే, ఊళ్లోనే ఉంది. బ్యాగులు తీసుకుని బయటికొస్తే గాజువాక ఇరవై నిమిషాలు. ఆ రోజు ఇంటికి చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది. అంటే గుమ్మం నుంచి గుమ్మానికి అయిదున్నర గంటలు.

సికింద్రాబాద్‌లో వందే భారత్ ఎక్కితే రైల్లోనే ఎనిమిదిన్నర గంటలు, ఇంటి నుంచి ఇంటికి పదిన్నర. ఫ్లైట్‌తో మనకి మిగిలేది నిజానికి అయిదు గంటలు. గోదావరి ఎక్స్‌ప్రెస్ పన్నెండు గంటల పైనే తీసుకుంటుంది గానీ, రాత్రి నిద్రలో పోతుంది కాబట్టి ఆ గంటలు నేను లెక్కలోకి తీసుకోను.

మీ అమ్మగారికో నాన్నగారికో మోకాళ్ల నొప్పులుంటే ఫ్లైటే బుక్ చేయండి. టికెట్ తీసుకునేటప్పుడే వీల్‌చైర్ అడగండి, శంషాబాద్‌లో నడక ఎక్కువ. తిరిగొచ్చేటప్పుడు ఆవకాయ జాడీ చేతి సంచిలో పెట్టకండి, చెకిన్ సామానులో వేసేయండి. మాది సెక్యూరిటీ దగ్గరే ఉండిపోయింది, అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

ఇదంతా ఊళ్లో ఉన్న విమానాశ్రయం లెక్క. ఊరికి దూరంగా ఉన్న కొత్త విమానాశ్రయం, భోగాపురంలో దిగే ఫ్లైట్ అయితే ఊళ్లోకి రావడానికి మరో గంట వేసుకోండి.