గింజల డబ్బాకి కొత్త అడుగు

చిరంజీవి అల్లుడికి మావయ్య దీవెనలు.

పిట్టల గింజల డబ్బా గాలికి పడి అడుగు పగిలిందనీ, వాలే పుల్లలు విరిగాయనీ, మూత ఎటో ఎగిరిపోయిందనీ రాశావు. గింజలు పోసే గొట్టం చిట్లలేదుగా, అయితే డబ్బా బతికినట్టే. పగిలిన అడుగుని గమ్ముతో అతకాలని చూడకు. ఎండకి పెళుసెక్కిన ప్లాస్టిక్కు అతుకు పక్కనే మళ్లీ పగులుతుంది.

గొట్టం చుట్టూ కాగితం పట్టీ చుట్టి కొలువు. 236 మిల్లీమీటర్లు వస్తే గొట్టం అడ్డం (వ్యాసం) 75 మి.మీ. అన్నమాట. పైపుల కొట్లో 75 మి.మీ. పీవీసీ ఎండ్ క్యాపు, అంటే పైపు కొసకి తొడిగే మూత, అడుగు. వదులైతే గొట్టానికి పాత సైకిల్ ట్యూబు ముక్క ఒక్క చుట్టు చుట్టి ఎక్కించు. ఈ క్యాపు బాగా లోతుగా ఉంటుంది. అలాగే తొడిగితే పిట్టలు గింజ తినే కింది కన్నాలు మూసుకుపోతాయి. అంచు 20 మి.మీ. ఉంచి మిగతాది హాక్సా బ్లేడుతో కోసెయ్.

అప్పటికీ కన్నాల కింద కొంత గింజ నిలిచిపోతుంది. పిట్టకి అందదు, చెమ్మకి బూజు పడుతుంది, ఆ బూజు పిచ్చుకల ప్రాణం మీదకి తెస్తుంది. అందుకని లీటరు నీళ్ల సీసా మెడ భాగం కోసి, బిరడా బిగించి, మెడ పైకి ఉండేలా లోపల కూర్చోబెట్టు. గింజ దాని మీంచి జారి కన్నాల దగ్గరకే వస్తుంది. క్యాపు అడుగున అంచు వెంబడి 2 మి.మీ. చిల్లులు ఎనిమిది వెయ్. అంతకంటే పెద్దవైతే గంట్లు (సజ్జలు) కారిపోతాయి. చోళ్లు (రాగులు) ఈ చిల్లుల్లోంచి కూడా కారతాయి, కాబట్టి పొయ్యకు.

క్యాపుని శాశ్వతంగా అతికించెయ్యకు, కడగడానికి ఊడి రావాలి. క్యాపు, గొట్టం, సీసా ముక్క మూడూ కలిసేలా ఎదురెదురుగా 3 మి.మీ. కన్నాలు పెట్టి స్టెయిన్‌లెస్ స్టీలు తీగ దూర్చి చివర్లు వంచు. జీఐ తీగ (జింకు పూత ఇనుప తీగ) వద్దు, మీ కవిటి వైపు ఉప్పుగాలికి తొందరగా తుప్పు పడుతుంది.

పుల్లలకి 6 మి.మీ. లావు వెదురు చాలు. 20 సెంటీమీటర్లు కోసి గొట్టానికి అడ్డంగా ఈ పక్కనుంచి ఆ పక్కకి దూర్చు, రెండు వైపులా ఆరేసి సెంటీమీటర్లు బయటకొస్తాయి. పొట్టి పుల్లలు గొట్టం గోడకి గుచ్చితే మళ్లీ విరుగుతాయి. పుల్ల గింజ కన్నానికి 25 నుంచి 30 మి.మీ. కిందన ఉండాలి. పాత కన్నం చిట్లితే పక్కన కొత్తది వెయ్. గొట్టం మీద టేపు అంటించి, లోపల చెక్కముక్క ఆన్చి, ముందు 2, తర్వాత 4, ఆఖరుకి 6 మి.మీ. బిట్టు పెట్టి డ్రిల్లు నెమ్మదిగా తిప్పు. ఒక్కసారే 6 పెట్టావా, గొట్టం నిలువునా చిట్లుతుంది. పుల్లలకి రంగు, వార్నిష్ పుయ్యకు.

మూతకి మీ ఉద్దానంలో కొబ్బరి చిప్పకేం కొదవ! కాయ పగలకొట్టకుండా నడిమికి రంపంతో కొయ్. కళ్లున్న చిప్ప వద్దు, వాన కారుతుంది, రెండోది తీసుకో. గొట్టం పై అంచుకి 15 మి.మీ. కిందన ఎదురెదురు కన్నాల్లోంచి తీగ తీసి, రెండు కొసలూ మెలేసి చిప్ప నడినెత్తి కన్నంలోంచి పైకి లాగు. గింజ పోసేటప్పుడు చిప్పని తీగ మీదే పైకి జరుపుకోవచ్చు. ఆ కన్నం చుట్టూ రబ్బరు ముక్క బిగించు, లేకపోతే నీరు తీగ పట్టుకుని లోపలికి దిగుతుంది.

వానల్లో ఒకరోజుకి సరిపడా పొయ్, రెండు వారాలకోసారి సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఎండాకే మళ్లీ నింపు. పని తెమిలేదాకా డబ్బా వేలాడిన చోటే చూరుకి ధాన్యం కుచ్చు కట్టు, పిచ్చుకలు చోటు మరిచిపోకుండా.

మీ మావయ్య