కారు షెడ్డుకు 62 వేలా? ముందు ఆ ఒక్క గోడ సంగతి చూడండి

ప్రశ్న: మాది నకిరేకల్. నేను ప్రైవేట్ జూనియర్ కాలేజీలో లెక్చరర్‌ని, జీతం 28,000. ఏప్రిల్, మే జీతాలు ఇవ్వరు. మావారికి చిన్న కిరాణా కొట్టు ఉంది. ఖర్చులు, చిట్టీ పోను నెలకు 5,000 మిగులుతాయి. ఇంటికి పడమర వైపు ఆనుకుని కారు షెడ్డు వేయించాం. పైన రేకులు, ముందు ఇనుప షట్టర్. పక్క గదిలోనే 72 ఏళ్ల మా అత్తమ్మ పడుకుంటారు. వేసవిలో రాత్రి పదకొండైనా ఆ గోడ సెగ కొడుతూనే ఉంటుంది. బాత్రూం దగ్గరని ఆమె వేరే గదికి రానంటున్నారు. అమెరికాలోని మిన్నెసోటాలో ఉండే మా తమ్ముడు గరాజ్‌కు ఇన్సులేషన్ (వేడి, చలి దాటకుండా అడ్డుపొర) చేయించాక ఇల్లు వెచ్చగా ఉందని, మమ్మల్నీ చేయించుకోమంటున్నాడు. షెడ్డు మొత్తానికి 62,000 అవుతుందని ఇక్కడొకరు చెప్పారు. లక్ష రూపాయల చిట్టీలో ఇంకా 9 నెలలు కట్టాలి, పాట 14,000 దగ్గర పోతోంది. చిట్టీ ఎత్తి ఈ పని చేయించాలా, 1,20,000 ఎఫ్‌డీ తీయాలా, లేక ఈఎంఐలో ఏసీ కొనడం మేలా? వేసవిలో కూలర్‌తో కలిపి 180 యూనిట్ల దాకా కాలుతుంది.

జవాబు: చిట్టీ ఎత్తకండి, ఎఫ్‌డీ ముట్టుకోకండి. 62,000 పని అసలే వద్దు. అయితే అత్తమ్మగారి గది చల్లబడాలి, అదీ ఈ వేసవి రాకముందే. దానికి అంత డబ్బు అక్కర్లేదు.

మీ తమ్ముడు తప్పు చెప్పలేదు, అది ఆయన ఊరికి సరిపోయే మాట. అక్కడ జనవరి రాత్రుల్లో చలి సున్నాకు 20 డిగ్రీలు కిందికి దిగుతుంది, ఏడాదిలో సగం రోజులు ఇంట్లో హీటింగ్ నడుస్తుంది. ఇంట్లోని వేడి గరాజ్‌లోకి జారిపోకుండా ఆపితే ప్రతి నెలా బిల్లులో తేడా కనిపిస్తుంది. పైగా అక్కడివి చెక్క ఫ్రేము గోడలు, లోపలి ఖాళీల్లో దూది లాంటి సరుకు కూరితే పని అయిపోతుంది. మనవి ఇటుక గోడలు. పగలంతా ఎండను తాగి రాత్రి గదిలోకి వదులుతాయి. మీరు చెప్పిన సెగ అదే.

మీకు లెక్క చెప్పినవారు షెడ్డును చల్లబరచడానికి చెప్పారు. షెడ్డులో పడుకునేది కారు. మీరు కాపాడుకోవాల్సింది షెడ్డుకూ గదికీ మధ్య ఉన్న గోడ, దాంట్లోని తలుపు. షెడ్డు బయటి గోడలకు, షట్టర్‌కు ఒక్క రూపాయి పెట్టినా నాకు బాధే.

మొదట రేకుల మీద తుప్పు గీకించి, ప్రైమర్ వేయించి, ఎండను తిప్పికొట్టే తెల్ల కూల్ రూఫ్ పెయింట్ రెండు కోట్లు వేయించండి. గది పైన స్లాబుకూ అదే వేయించండి. ఒంటి అంతస్తు ఇంట్లో గోడ కంటే స్లాబు నుంచే ఎక్కువ వేడి దిగుతుంది, మనం గోడనే తిట్టుకుంటాం. 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం తెచ్చినప్పుడు చదరపు మీటరుకు సుమారు 300 రూపాయలని చెప్పారు. మీ షెడ్డు 10 అడుగులకు 18 అనుకుంటే దాదాపు 17 చదరపు మీటర్లు, అంటే 5,000. గది స్లాబుకు మరో 4,000. ఇప్పటి ధరలకు కాస్త పెరగొచ్చు. ఏటా ఫిబ్రవరిలో దుమ్ము కడిగించకపోతే ఆ తెలుపు పని చేయదు.

తర్వాత మధ్య గోడకు షెడ్డు వైపు నుంచి రెండంగుళాల ఫోమ్ షీట్లు, వాటి మీద సిమెంట్ బోర్డు. ఆ ఒక్క గోడకు ఎంతో విడిగా అడగండి. 12,000 దాటితే ఈ ఏడాది ఆపేయండి, పెయింట్ ఫలితం చూశాక ఆలోచించవచ్చు. బోర్డు లేకుండా ఉత్త థర్మోకోల్ అంటిస్తామంటే మాత్రం ఒప్పుకోకండి. పెట్రోల్ బండి ఉండే చోట అది నిప్పుకు ఆహారం. తలుపు చుట్టూ రబ్బరు పట్టీ వేయిస్తే వేడితో పాటు కారు పొగ కూడా లోపలికి రాదు. షెడ్డు పైభాగంలో గాలి పోయే జాలీలు ఉంచాలి, షట్టర్ మూసి బండి స్టార్ట్ చేయకూడదు. ఇన్వర్టర్ బ్యాటరీ అక్కడే ఉంటే వేరే చోటికి మార్చండి, ఆ వేడికి దాని ఆయుష్షు సగమైపోతుంది.

ఇక ఏసీ. దాని ధర ఒక్కటే చూసి టెన్షన్ పడుతున్నారు, అసలు ఖర్చు మీటర్‌లో ఉంది. 180 యూనిట్లకు మన శ్లాబుల ప్రకారం కరెంటు చార్జీ 724 రూపాయలు. ఏసీ రాత్రికి ఆరు గంటలు, గంటకు ఒక యూనిట్ చొప్పున నడిస్తే నెలకు ఇంకో 180 యూనిట్లు. మొత్తం 360. ఇక్కడే మెలిక ఉంది. 200 దాటగానే మొదటి 200 యూనిట్ల రేటు కూడా మారి 5.10 అవుతుంది, ఆపైన 7.70, 300 దాటితే 9 రూపాయలు. కరెంటు చార్జీ 2,330. అంటే ఏసీ కాల్చే ప్రతి యూనిట్ మీకు దాదాపు 9 రూపాయలు పడుతోంది. (200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు ఇచ్చే గృహజ్యోతి పథకం వచ్చే ఇళ్లకు 200 గీత ఇంకా ముఖ్యం, దాటిన నెల జీరో బిల్లు రాదు.)

ఇన్సులేషన్ వల్ల ఏసీ వాడకం మూడో వంతు తగ్గిందనుకున్నా నెలకు 540 మిగులుతుంది, మూడు నెలల వేసవికి 1,620. ఆ లెక్కన 62,000 తిరిగి రావడానికి 38 ఏళ్లు పడుతుంది. పెయింటుతోనే అంత తగ్గితే దాని 9,000 మాత్రం ఆరేళ్లలోపే తిరిగొస్తుంది, పైగా కూలర్‌తోనే సరిపోతే ఏసీ ఖర్చే తప్పుతుంది. మన ఎండలు పొడి ఎండలు, కిటికీ తెరిచి పెడితే కూలర్ బాగా పనిచేస్తుంది.

డబ్బు ఎక్కడిదంటారా? ఇది నవంబర్. ఫిబ్రవరి దాకా నెల నెలా మిగిలే 5,000 పక్కన పెడితే 20,000. పెయింటుకూ, గోడకూ దాదాపు సరిపోతుంది. ఏసీ ఈఎంఐ ఇప్పుడు మొదలుపెడితే జీతం రాని ఏప్రిల్, మే నెలల్లోనూ కట్టాలి. నో కాస్ట్ అన్నా ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది, వడ్డీ మీద జీఎస్టీ పడుతుంది, నగదుకు ఇచ్చే తగ్గింపు పోతుంది. ఆ రెండు నెలల కోసమే ఎఫ్‌డీని కదిలించొద్దంటున్నాను. చిట్టీ చివరిదాకా ఆగితే ఇప్పుడు పాటలో వదులుకునే 14,000లో ఎక్కువ భాగం మీకే మిగులుతుంది. జులైలో ఆ డబ్బు వచ్చాక ఏసీ ఇంకా కావాలనిపిస్తే నగదుకే కొనండి.

ఒక్క మినహాయింపు ఉంది. అత్తమ్మగారికి బీపీ, గుండె, కిడ్నీ సమస్యలేవైనా ఉండి, ఎండ తగలకూడదని డాక్టర్ చెబితే జులై దాకా ఆగకండి. వడదెబ్బ ముందు నా లెక్కలేవీ నిలవవు. మార్చిలో చిట్టీ పాడండి. అప్పటికి ఐదు నెలలే మిగులుతాయి కాబట్టి పాట ఇప్పటికన్నా తక్కువలో ముగిసే అవకాశం ఉంది. ఏసీకి అయ్యేది పోగా మిగిలిన డబ్బును మిగతా చిట్టీ వాయిదాల కోసం విడిగా బ్యాంకులో వేసి పెట్టండి.