మా గుడికి నాలుగు నెలలు తాళం పడింది, నా విశ్వాసం ఎలా నిలిచిందంటే

మీ ప్రశ్న చదివి రెండు రోజులు ఆగి రాస్తున్నాను. విచారణ (ఒక ఫాదర్ గారి కింద ఉండే గుడి పరిధి, పారిష్) రెండు వర్గాలుగా చీలిపోయింది, గుడికి తాళం వేశారు, వార్తల్లో గురువుల (ఫాదర్ల) గురించి వినకూడనివి వింటున్నాం, బంధువులేమో "ఇంకా ఆ ఆర్‌సీఎం (రోమన్ క్యాథలిక్)లో ఏముంది, మా ప్రార్థనకు రండి" అంటున్నారు, ఇలాంటప్పుడు క్యాథలిక్‌గా ఎలా నిలబడాలి, పిల్లలకు ఏం చెప్పాలి అని అడిగారు. నేను వేదశాస్త్రం (క్రైస్తవ మత శాస్త్రం) చదువుకున్నదాన్ని కాదు. కానీ ఇదే పరిస్థితిని మా ఇంట్లోనే చూశాను.

మాది పల్నాడు వైపు ఒక ఊరు. ముత్తాతల నాటి నుంచి ఆర్‌సీఎం వాళ్ళం. ఊళ్ళో రెండు పేటలు, గుడి మాత్రం ఒకటే. మరియమాత పండుగకు తేరు తీసేవాళ్ళు. అది పెద్దవీధిలో తిరిగి గుడికి వచ్చేసేది, కాలనీలోకి వెళ్ళేది కాదు. ఇరవై ఏళ్ళ కిందట ఒక పండుగకు కాలనీ కుర్రాళ్ళు, "చందా మా దగ్గర కూడా తీసుకుంటున్నారు కదా, తేరు మా వీధికి ఎందుకు రాదు? పండుగ లెక్కలు ఎందుకు చదవరు?" అని అడిగారు. వాళ్ళు అడిగింది అంతే. అప్పటి ఫాదర్ గారు ఈ ఏడాదికి వదిలేయమన్నారు. మాటామాటా పెరిగింది. పండుగ అయిన వారానికి గుడికి తాళం పడింది. తాళం వేసిన వాళ్ళలో మా పెదనాన్న ఒకరు. ఈ సంగతి దాచిపెట్టి మీకు విశ్వాసం గురించి చెప్పలేను.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. ఆదివారం వస్తే కడుపులో దేవినట్టుండేది. అదే గుడిలో జ్ఞానస్నానం తీసుకున్నాను, అక్కడే మొదటి సత్ప్రసాదం తీసుకున్నాను. చిన్నప్పుడు ఎడమవైపు వరసల్లో ఎవరు కూర్చునేవాళ్ళో, కుడివైపు ఎవరు కూర్చునేవాళ్ళో తాళం పడ్డాకే గుర్తొచ్చింది. అన్నేళ్ళు చూస్తూ కూడా గమనించలేదంటే నా భక్తి ఎలాంటిదో అని భయమేసింది. జపమాల పట్టుకుంటే నోరు పెగిలేది కాదు.

నన్ను నిలబెట్టింది మా నాయనమ్మ. నాకేమీ బోధించలేదు. తాళం పడిన మూడో శనివారం సాయంత్రం ప్లాస్టిక్ కుర్చీ ఒకటి నా చేత మోయించుకుని గుడి మెట్ల దగ్గరికి వెళ్ళింది. ఆమె జపమాలలో గింజలు రెండు ఊడిపోతే గాలం దారంతో కట్టుకుంది, ఆ ముడి దగ్గర వేలు ఎప్పుడూ ఒక్క క్షణం ఆగేది. అక్కడ అప్పటికే కాలనీ ఉపదేశి (ఊళ్ళో జపాలు, మతబోధ నేర్పే ఆయన) భార్య మెట్ల మీద ఒక్కతే కూర్చుని జపం చెప్పుకుంటోంది. ఇద్దరూ పలకరించుకోలేదు. ఆమె "దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మా" అంటూ మొదటి సగం చెప్పి ఆగింది. నాయనమ్మ రెండో సగం అందుకుంది: "పాపాత్ములమై యుండెడి మా కొరకు ఇప్పుడును మా మరణ సమయమందును ప్రార్థించండి." యాభై మూడు మంగళవార్త జపాలు అలాగే సాగాయి. ఇంటికొచ్చాక పెదనాన్న అరిచాడు. నాయనమ్మ అన్నం కలుపుకుంటూ, "గుడికి తాళం నువ్వేశావు. నా నోటికి వెయ్యలేదుగా" అంది. ఆ పై శనివారానికి పదిమంది అయ్యాం. రెండు పేటల వాళ్ళూ ఉన్నారు.

అదే రోజుల్లో గుంటూరులో నాకు చదువు చెప్పిన ఒక సిస్టర్ దగ్గరికి వెళ్ళి ఏడ్చాను. ఆమె నన్ను ఓదార్చకుండా బైబిల్లో పౌలు గలతీయులకు రాసిన లేఖ రెండో అధ్యాయం తీసి చేతిలో పెట్టారు. అంతియొకయ అనే పట్టణంలో పేతురు యూదులు కాని క్రైస్తవులతో కలిసి భోంచేస్తున్నాడు. యెరూషలేము నుంచి తనవాళ్ళు కొందరు రాగానే భయపడి ఆ పంక్తి నుంచి పక్కకు జరిగాడు. పౌలు అందరి ముందూ మొహం మీదే తప్పని నిలదీశాడు. మనం మొదటి పోపు అనుకునే మనిషి చేసిన పని ఇది! ఏ ఊళ్ళోనైనా పంక్తి భోజనాల్లో పక్కకు జరగడమంటే ఏమిటో మనకు వేరే చెప్పాలా? పౌలు ఊరుకోలేదు, అలాగని సభను, అంటే క్రైస్తవ సంఘాన్ని, వదిలిపోలేదు. ఆ పేజీ చదివాక నా కోపం నా విశ్వాసానికి శత్రువు కాదని తెలిసింది. ఈరోజు వరకూ నాకు పట్టుకొమ్మ అదే.

సభలో ఇంతకంటే పెద్ద చీలికలు వచ్చాయి. 1378 నుంచి 1417 వరకు రోములో ఒకరు, ఫ్రాన్స్‌లోని అవిన్యోన్‌లో ఒకరు "నేనే పోపు" అన్నారు, 1409 తర్వాత మూడో ఆయన కూడా వచ్చాడు. సియెన్నా కేథరీనమ్మ రోము పక్షం, విన్సెంట్ ఫెర్రర్ అవిన్యోన్ పక్షం. ఇద్దరినీ సభ పునీతులుగానే (సెయింట్లుగానే) గౌరవిస్తోంది. ఏ పక్షం సరైనదో తేలని రోజుల్లో కూడా మనిషి దేవుడికి దగ్గరగా బతకవచ్చని దీన్నిబట్టి నాకు ధైర్యం వచ్చింది.

ఇక గురువు తప్పు చేస్తే ఆయన చేసిన పూజ (మాస్) చెల్లుతుందా అన్నారు. చెల్లుతుంది. పేతురు జ్ఞానస్నానం ఇచ్చినా, క్రీస్తును పట్టిచ్చిన యూదా ఇచ్చినా ఇచ్చేది క్రీస్తే అని పునీత అగస్తీను ఎప్పుడో చెప్పారు. కానీ ఈ మాటను తప్పు చేసినవాళ్ళను కప్పిపుచ్చడానికి వాడితే నేను ఒప్పుకోను. ముఖ్యంగా పిల్లల విషయంలో. పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే ముందు పోలీసులకు చెప్పాలి. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన ప్రతి ఒక్కరూ చెప్పి తీరాలి. బిషప్ గారికి ఫిర్యాదు కూడా చేయండి, 2019లో పోపు ఫ్రాన్సిస్ గారు దానికి నిబంధనలు పెట్టారు, కానీ పోలీసులకు చెప్పే పని దాని కోసం ఆగకూడదు. "సభ పరువు పోతుంది" అని ఎవరైనా అంటే వినకండి. పరువు ఆ బిడ్డకూ ఉంది.

లెక్కల గొడవైతే అడిగే హక్కు మీకుంది. సభ చట్టంలో 537వ నియమం ప్రకారం ప్రతి విచారణకూ ఆర్థిక సంఘం ఉండాలి. విశ్వాసులు ఇచ్చిన కానుకల లెక్క విశ్వాసులకే చెప్పాలని 1287వ నియమం. మన అభిప్రాయం పెద్దలకు గౌరవంగా చెప్పడం హక్కు, ఒక్కోసారి బాధ్యత కూడా అని 212వ నియమం. మేము ఇవన్నీ రాసి, రెండు పేటల వాళ్ళం కలిసి సంతకాలు పెట్టి బిషప్ గారికి పంపాం. చాలా వారాలు ఉలుకూ పలుకూ లేదు. రెండోసారి పంపాం. అప్పుడు కదిలింది.

ఆ నాలుగు నెలలూ పూజ మానలేదు. బస్సెక్కి పక్క విచారణకు వెళ్ళేవాళ్ళం. మీరూ అలా వెళ్ళండి, అది పారిపోవడం కాదు. గొడవ గురించిన వాట్సాప్ గ్రూపులుంటే బయటికి రండి, రాత్రిపూట అవి చూస్తే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. పాపసంకీర్తనానికి (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి) తెలియని గురువు దగ్గరికైనా వెళ్ళండి. నేను మొదట చెప్పుకున్నది పెదనాన్న మీద నాకున్న ద్వేషం గురించే.

వదిలి వెళ్ళినవాళ్ళను తిట్టకండి. మా పిన్ని కూతురు అప్పుడే వెళ్ళిపోయింది, ఇప్పుడు వేరే సంఘంలో ఉంది. దాని గాయం నాకు తెలుసు. పండుగకు ఇంటికొస్తే కలిసి భోంచేస్తాం.

తాళం తీశారు గానీ తేరు కాలనీలోకి వెళ్ళడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది. 2016లో భారత పీఠాధిపతుల (బిషప్పుల) సమాఖ్య దళితుల సాధికారత విధానం తెచ్చి, సభలో వివక్ష ఉందని బయటికే ఒప్పుకుంది. అప్పటి కర్నూలు జిల్లాలో పుట్టిన పూల ఆంథోని గారు 2022 ఆగస్టు 27న కార్డినల్ (పోపు తర్వాతి స్థాయి పెద్ద) అయ్యారు, దళితుల్లో మొదటివారు, తెలుగువాళ్ళలోనూ మొదటివారు. అప్పటికి నాయనమ్మ లేదు. ఉపదేశి తాత మాత్రం ఫోన్‌లో ఆ వీడియో మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని చూశాడు.

పిల్లలకు ఏం చెప్పాలన్నారు. నేనైతే నిజమే చెబుతున్నాను. మా ఊరి సమాధుల దొడ్డిలో మధ్యన మోకాలెత్తు గోడ ఇప్పటికీ ఉంది. పోయిన నవంబరు 2న సమాధుల పండుగకు వెళ్ళినప్పుడు అది ఎందుకని మా అమ్మాయి అడిగింది. ఎవరు కట్టారో, అందులో మనవాళ్ళు ఎవరున్నారో చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. నాయనమ్మ సమాధి మీద కొవ్వొత్తి వెలిగించి, ఇంకోటి తీసుకుని, "ఆ రోజు మొదటి సగం చెప్పినావిడ ఎక్కడ?" అంది. చూపించాను. గోడ దాటి వెళ్ళింది.